చచ్చినవాళ్లు ఆగిన గుమ్మం

ఆ రోజు పొద్దున్న డైరెక్టరమ్మ వేసుకున్న ప్లాను చాలా సులువైనది. అత్తగారిని ఆవిడ చెల్లెలి ఇంటికి పంపించాలి. తను స్టూడియోకి వెళ్లి, మధ్యాహ్నంలోగా ఒక ఊరికి సరిపడా శవాల మూలుగులు రికార్డు చేయించాలి. సాయంత్రం ఆరింటికల్లా వాటిని ఛానెల్‌కి పంపేసి, ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని పడుకోవాలి.

డైరెక్టరమ్మ అని పేరే గాని, ఆవిడ సినిమాలు తీసే మనిషి కాదు. పరాయి భాషల యానిమే బొమ్మల సీరియళ్లకి మన భాషలో గొంతులు పెట్టించే చిన్న డబ్బింగ్ స్టూడియో నడుపుతుంది. ప్రస్తుతం చేతిలో ఉన్నది ‘ఆవిరి కోట’. లోకమంతా పాడైపోయి, చచ్చినవాళ్లు లేచి మందలు మందలుగా తిరుగుతుంటే, మిగిలిన కాసింత మంది ఇనుప చక్రాల మీద కదిలే కోటలో బతుకు ఈడుస్తుంటారు. ఆ కోటకి బాయిలరే ప్రాణం. ఎక్కడ చూసినా గొట్టాలు, మరచక్రాలు, మనుషుల ముఖాలకి ఇత్తడి తొడుగులు. తొడుగుల వెనక పెదాలు కనపడవు కాబట్టి ఏ మాటైనా ఎక్కడైనా అతుకుతుంది. ఆ ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, వాళ్లకి డైరెక్టరమ్మ రోజూ మనసులో దణ్ణం పెట్టుకునేది.

ఇంక మిగిలింది చివరి ఎపిసోడ్ ఒక్కటే. అంతకుముందు రెండు ఎపిసోడ్లు ఆలస్యంగా వెళ్లాయి. ఛానెల్ మేడమ్ ఫోన్ చేసి, ఈసారి ఆరు దాటితే రెండో భాగం వేరే స్టూడియోకి ఇచ్చేస్తామని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆవిడ మర్యాదగా మాట్లాడిందంటే పని అయిపోయినట్టే లెక్క. రెండో భాగం పోతే స్టూడియోకి తాళమే.

ఈ గొడవలేవీ అత్తగారికి తెలియవు. కోడలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, “ఏదో, గదిలో కూర్చుని జనాల చేత అరిపిస్తుంది” అనేది. అది విన్నప్పుడల్లా డైరెక్టరమ్మకి మనసు చివుక్కుమనేది. అత్తగారి దృష్టి అంతా ఇంటి గచ్చు మీద, గుమ్మం ముందు డోర్‌మ్యాట్ మీద ఉండేది. వచ్చినవాళ్లు ఎంతటివాళ్లైనా కాళ్లు తుడుచుకునే లోపలికి రావాలి. కొడుక్కి స్కూటర్లు బాగుచేసే షాపు ఉంది. బూట్ల నిండా గ్రీజుతో అతను రోజూ మ్యాట్ పక్కనుంచి దర్జాగా నడిచి లోపలికి వస్తాడు, ఆవిడ రోజూ అరుస్తుంది. పెళ్లికి ముందు నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస.

అత్తగారు ఇల్లు తుడిచి, చెల్లెలి ఇంటికి బయల్దేరింది. ఆవిడ అలా మెట్లు దిగిందో లేదో స్టూడియో నుంచి ఫోను. సౌండ్ ఇంజనీరు. మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్ వేలాడుతుంటుంది గనక అతని పేరే హెడ్‌ఫోన్ అయిపోయింది. పైవాటాలో పైపు పగిలి రికార్డింగ్ గదిలో మడమల దాకా నీళ్లు నిలిచాయని, గోడలకి అంటించిన స్పాంజి అంతా తడిసి ముద్దయిందని చెప్పాడు. తర్వాత అతనే అన్నాడు.

“మీ పడగ్గదిలో బీరువా ఉందా మేడమ్?”

“ఉంది. ఎందుకు?”

“నిండా దుప్పట్లున్నాయా?”

డబ్బింగ్ వాళ్లకి ఇది పాత ఉపాయమే. బీరువా తలుపులు తెరిచి, దుప్పట్ల ముందు మైకు పెడితే మారుమోగకుండా గొంతు గొంతులాగే వినిపిస్తుంది. కిటికీలకి పరుపులు కట్టి, తలుపు కింద తువ్వాలు దోపితే అదే స్టూడియో. కాసేపటికి హెడ్‌ఫోన్ మైకూ కంప్యూటరూ మోసుకొచ్చాడు. వెనకాలే మూలుగుల మాస్టారు వచ్చాడు. ఆయన ఈ రంగంలో పెద్ద పేరున్న మనిషి. ఆడ శవం, మగ శవం, కొత్త శవం, కుళ్లిన శవం, ఏది కావాలంటే అది మూలుగుతాడు. ఒకటే నియమం. డైరెక్టర్ ‘కట్’ అనేదాకా ప్రాణం పోయినా మూలుగు ఆపడు.

ఇద్దరూ స్టూడియో నీళ్లలోంచి నడిచొచ్చిన బూట్లతోనే హడావిడిగా గదిలోకి వెళ్లిపోయారు. అద్దంలా తుడిచిన గచ్చు మీద వీధి గుమ్మం నుంచి పడగ్గది దాకా రెండు వరసల తడి బురద అడుగులు పడ్డాయి. డైరెక్టరమ్మ చూసింది. అత్తగారు వచ్చేలోగా తుడిచేయొచ్చులే అనుకుని ఫోన్లన్నీ ఆపించి, తలుపు గడియ వేసింది.

అత్తగారు సగం దారిలో కళ్లజోడు మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. తన తాళంతో తలుపు తీసింది. కళ్లజోడు లేకపోయినా అడుగులు మాత్రం స్పష్టంగా కనిపించాయి. అవి కోడలి గదిలోకి వెళ్లాయి గాని బయటికి రాలేదు. కాళ్లు తుడుచుకోకుండా వచ్చారంటే దొంగలే అయ్యుండాలని ఆవిడ తేల్చుకుంది. తలుపు దగ్గరికెళ్లి చెవి పెట్టింది. లోపల ఒక ఆడమనిషి గొంతు, మాట రాక, ప్రాణం పోతున్నట్టు మూలుగుతోంది. మాస్టారు అప్పుడే ‘కొత్త ఆడ శవం’ రిహార్సల్ మొదలుపెట్టాడు.

ఆవిడ తలుపు బాదింది, పిలిచింది. లోపలున్నవాళ్లంతా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని బొమ్మ చూస్తున్నారు. ఆవిడ పరుగెత్తి కింది వాటా ఆయనకి చెప్పింది, ఇంట్లో దొంగలు దూరారు, కోడలు మూలుగుతోందని. చెప్పి మళ్లీ ఆ తలుపు దగ్గరికే వచ్చింది. కింది వాటా ఆయన అంబులెన్సుకి ఫోన్ చేసి, పక్కవాటా వాళ్లకి నలుగురు దొంగలని చెప్పాడు. పక్కవాటా వాళ్లు పైవాళ్లకి కోడలికి స్పృహ లేదని చెప్పారు. కబురు స్కూటర్ల షాపు చేరేసరికి దొంగలు ముఠా అయ్యారు, కోడలు ఆస్పత్రి దారిలో ఉంది. కొడుకు చేతిలో ఉన్న ఎవరిదో స్పార్క్ ప్లగ్గు కింద పెట్టడం కూడా మరిచిపోయి ఇంటికి పరుగెత్తాడు.

సరిగ్గా అప్పుడే గదిలో అసలు టేక్ మొదలైంది. తన మూలుగుని ముక్కలు చేస్తే రక్తి కట్టదని, కోట ముట్టడి మొత్తం ఒకే ఊపులో చేస్తానని మాస్టారు పట్టుబట్టాడు. మూలుగు పొట్టలోంచి రావాలని నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. తెర మీద బాయిలర్ చల్లారింది. కోట తలుపు మీద మూక విరుచుకుపడింది. దభీ దభీమని చప్పుడు.

డబ్బింగ్ చేసేటప్పుడు పరాయి భాషలోని అసలు శబ్దం సన్నగా చెవుల్లో వినిపిస్తూ ఉంటుంది. అందుకే హాల్లో జనం తలుపు బాదుతుంటే, అది సీరియల్లోదే అనుకుని హెడ్‌ఫోన్ మెచ్చుకోలుగా తలూపాడు. మెట్ల మీద పదిమంది అడుగుల చప్పుడు వినిపిస్తే డైరెక్టరమ్మ బొటనవేలు ఎత్తింది. అంబులెన్సు సైరన్ కోట కూతలో కలిసిపోయింది. శబ్దం ఇంత బాగా ఎవరు చేశారో కనుక్కోవాలనుకున్నారు ఇద్దరూ.

అంతలో గడియ ఊడి తలుపు పడింది. కర్రలు పట్టుకున్న జనం, ముందు స్ట్రెచరుతో అంబులెన్సు వాళ్లు, వెనక స్పార్క్ ప్లగ్గుతో మొగుడు. డైరెక్టరమ్మకి నోట మాట రాలేదు. మాట రాలేదు గనక ‘కట్’ కూడా రాలేదు. కట్ రాలేదు గనక మాస్టారు ఆపలేదు. అంబులెన్సు వాళ్లకి ఎవరు మూలిగితే వాళ్లే రోగి. ఆయన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి కట్టేశారు. ఆయన కళ్లతోనే డైరెక్టరమ్మని బతిమాలుతూ, ఎక్కడా శ్రుతి తప్పకుండా మూలుగుతూ, మెట్లు దిగి, అంబులెన్సు ఎక్కి వెళ్లిపోయాడు.

అసలు సంగతి అందరికీ అర్థమయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. జనం కర్రలు వెనక దాచుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. ఆస్పత్రి వాళ్లు అన్ని పరీక్షలూ అయ్యేదాకా మాస్టారిని వదిలేది లేదన్నారు. ఇంకో టేక్ తీసే దారి లేదు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, ఊడిన గడియ చేతిలో పట్టుకుని అలాగే చూస్తోంది.

“నీ ఉద్యోగం చెడగొట్టానా అమ్మాయ్?” అంది చివరికి.

డైరెక్టరమ్మ కంప్యూటరు వైపు తిరిగింది. ఉన్న ఒక్క టేకులో ఏదైనా పనికొస్తుందేమో చూద్దామని హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. మొదట్లో మూక రాకముందు కోటంతా నిశ్శబ్దంగా ఉండే చోటుంది. అక్కడ తలుపు అవతల నుంచి ఒక గొంతు వినిపించింది. అత్తగారిది.

“ఒక్కసారి పలకవే నా తల్లీ. ఏమైందే నీకు? నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నా మాట వినేదెవరే? వాడా? నీకేమన్నా అయితే నేనేం చెయ్యనే...” ఆ తర్వాత ఏడుపు.

డైరెక్టరమ్మ ఆ ముక్క మళ్లీ వెనక్కి తిప్పి వింది. మూడోసారి తిప్పబోతుంటే హెడ్‌ఫోన్ లేచి మంచినీళ్ల కోసం బయటికి వెళ్లాడు. ఇన్నేళ్లూ ఈవిడకి నేనంటే చులకన అనుకున్నానే అని ఆమెకి సిగ్గేసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ముక్కని టేకులోంచి కత్తిరించి, ఛానెల్‌కి కాకుండా తన ఫోన్లోకి పంపించుకుంది.

అతను తిరిగొచ్చాక మిగిలిన టేకు వింటుంటే ఇద్దరికీ ఒళ్లు జలదరించింది. మూకంటే అదీ మూక. నిజం తలుపు, నిజం మెట్లు, నిజం భయం, మధ్యలో మాస్టారి మూలుగు. ఒకే ఒక్క చోట వచ్చింది చిక్కు. కోట తలుపు కూలి చచ్చినవాళ్లు లోపలికి తోసుకొస్తారు. వాళ్లకి ఎదురుగా కోటలో వంటచేసే ముసలావిడ ఒక్కతే ఆవిరి గొట్టం పట్టుకుని నిలబడుతుంది. ఆవిడ ముఖానికీ ఇత్తడి తొడుగే. అసలు సీరియల్లో ఆవిడకి ఒక్క మాట కూడా లేదు. ఆవిడని చూసి మూక ఒక్క క్షణం ఆగుతుంది. సరిగ్గా ఆ క్షణానికి, హాల్లోకి వస్తున్న అంబులెన్సు వాళ్లతో అత్తగారు అన్న మాట పడింది.

“కాళ్లు తుడుచుకుని రండి.”

అంత ఏడుపులోనూ ఆవిడ గచ్చుని మరిచిపోలేదు. మూలుగులతో కలిసిపోయింది గనక ఆ మాటని విడదీయడం హెడ్‌ఫోన్ వల్ల కాలేదు. ఆరు కావస్తోంది. డైరెక్టరమ్మ కళ్లు మూసుకుని ఎపిసోడ్ అలాగే పంపేసింది.

కాసేపటికి ఛానెల్ మేడమ్ ఫోను వచ్చింది. మోగగానే అత్తగారు కోడలి పక్కన వచ్చి కూర్చుంది.

“ఆ వంటావిడ గొంతు ఎవరిది?” అని అడిగింది మేడమ్. గొంతులో మర్యాద ఎక్కడా లేదు.

“మా అత్తగారిదండీ. అది... తప్పు జరిగిపోయింది.”

“తప్పేంటి, ఇక్కడ మేమంతా కుర్చీల్లోంచి పడిపోయాం. చచ్చినవాళ్లు ఎందుకాగారో ఇప్పటిదాకా ఎవరికీ అర్థం కాలేదు. ఇప్పుడర్థమైంది. రెండో భాగంలో ఆవిడ చేత ఇంకా మాట్లాడించాలి. వస్తారా ఆవిడ?”

డైరెక్టరమ్మ ఫోను పెట్టేసి అత్తగారి చెయ్యి పట్టుకుంది. “మీరు నా స్టూడియో నిలబెట్టారు అత్తయ్యా. అదొక్కటే కాదు...” అని ఆగిపోయింది. అత్తగారు కోడలి కళ్లు కొంగుతో తుడిచి, మూడ్రోజులుగా సరిగ్గా తిన్నావా లేదా అని కోప్పడి, వేడిగా అన్నం కలిపి తెచ్చింది. ఆ అన్నం తింటూ, పైవాటాలో పగిలిన ఆ పైపుకి కూడా డైరెక్టరమ్మ మనసులో ఒక దణ్ణం పెట్టుకుంది.

మాస్టారు మర్నాడు ఇంటికొచ్చాడు. ఏ జబ్బూ లేదని కాయితం ఇచ్చారట. స్ట్రెచర్ మీద మూలిగితే గొంతుకి మంచి ఊపు వస్తోందని, ఇక మీదట అదే కావాలని అడిగాడు.

చివరి ఎపిసోడ్ టీవీలో వచ్చిన రోజు వాటాల వాళ్లందరూ డైరెక్టరమ్మ ఇంట్లోనే చేరారు. అందరూ కాళ్లు తుడుచుకునే వచ్చారు. తెర మీద తలుపు కూలింది, మూక లోపలికి తోసుకొచ్చింది, ముసలావిడ గొట్టం ఎత్తింది. “కాళ్లు తుడుచుకుని రండి” అంది అత్తగారి గొంతు. చచ్చినవాళ్లు ఆగారు. గదంతా చప్పట్లు. “ఇప్పుడు అడగమనండి మా కోడలు ఏం చేస్తుందో, చెప్తాను” అంది అత్తగారు పక్కావిడతో, కోడలికి వినపడేలా.

అప్పుడే షాపు నుంచి వచ్చిన కొడుకు, మ్యాట్ పక్కనుంచి నడిచి లోపలికి వచ్చాడు.