సుజన గారి చేతి గాజులు

ఆ రోజు పొద్దున పండరి వేసుకున్న లెక్క చాలా చిన్నది. నారుమడి చూసుకుని సైకిల్ మీద బాన్సువాడ పోవాలి. యూరియా బస్తా తేవాలి. పనిలో పనిగా డజను ఆకుపచ్చ గాజులు కొనాలి. పదకొండు గంటలకు లైబ్రరీ మూసేలోపు పుస్తకం తిరిగి ఇచ్చేయాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తినాలి. ఇందులో ఇల్లు కూలే పని ఒక్కటీ లేదు.

ఆ పుస్తకానికి అట్ట లేదు. తొమ్మిదో పేజీ నుంచి మొదలవుతుంది. పేరేమిటో, రాసిందెవరో ఎవరికీ తెలియదు. నవల అంతా ఉత్తరాలే. కొండల మధ్య ఏదో ఊళ్లో ఉండే సుజన అనే ఆమె పట్నంలో ఉన్న భర్తకు రాస్తూనే ఉంటుంది. వాన గురించి, కిటికీ గురించి, పొయ్యి మీద మరిచిపోయిన పాల గురించి. ఆ భర్త మాత్రం ఒక్క జవాబూ రాయడు. పండరి ఈ నవలను బోరు దగ్గర మోటారు కొట్టంలో కూర్చుని చదివాడు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజులు కాబట్టి చదువు బాగానే సాగింది.

పండరి మాట తక్కువ మనిషి. రోజుకు ముప్పై మాటలు దాటడని, అందులో సగం ఎడ్లతోనేనని ఊళ్లో అంటారు. అలాంటివాడికి కూడా ఆ భర్త పద్ధతి నచ్చలేదు. ఒక ఆడమనిషి అంత శ్రద్ధగా రాస్తుంటే ఊరుకోవడం మర్యాద కాదనిపించింది. రెండు వందల పేజీల నోటుబుక్కు కొని తనే జవాబులు రాయడం మొదలుపెట్టాడు. పదకొండు రాశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. బజారులో ఏ వస్తువు కనబడినా ఇది సుజన గారికి బాగుంటుందనిపించేది. ఆరో ఉత్తరంలో ఆమె గొడుగు కారిందని చదివి నీలం గొడుగు కొన్నాడు. తర్వాత గంధపు చెక్క దువ్వెన, చేతి అద్దం, లేసు అంచు రుమాలు. అన్నీ మోటారు కొట్టంలో ఇనుప పెట్టెలో, పానాల పక్కన పెట్టాడు. వాటితో ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. ఉండాలనిపించింది, ఉంచాడు.

గాజుల దగ్గర దొరికిపోయాడు. పార్వతీబాయి మద్నూర్ వైపు ఆమె. ముప్పై ఏళ్లుగా గాజుల గంప పెట్టుకుని ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతోంది. మొగవాళ్ల మొహాలు మరిచిపోతుందేమో గానీ, ఒకసారి పిసికిన చేతిని మరిచిపోదు. బస్టాండు దగ్గర పండరి గాజులడిగితే, చేతులు ఖాళీ లేకపోయినా నోరు ఊరుకోలేదు.

"పోసక్కకేనా పటేలా? రెండూ ఎనిమిది సైజు ఇయ్యనా?"

పండరి మనసు ఇంకా సుజన కొండల ఊళ్లోనే ఉంది. "కాదు. సన్న చెయ్యి," అని వేళ్లతో సున్నా చుట్టి చూపించాడు.

పార్వతీబాయి ఆ సున్నాను చూసింది. రెండూ నాలుగు సైజు గాజులు కట్టి ఇచ్చింది. పండరి పుస్తకం ఇచ్చేసి, చివరి నలభై పేజీలు మిగిలిపోయాయే అని బాధపడుతూ యూరియా వరుసలో నిలబడ్డాడు. ఆ లోపల పార్వతీబాయి ఆటో ఎక్కి, పండరి ఇంటి ముందు, ఆయన భార్య పోసవ్వ ఎదుట గంప దించింది.

"పోసక్కా, మీ ఇంటికి సుట్టాలొచ్చిండ్రా?"

"ఎవ్వలు రాలే. ఏమైంది బాయీ?"

"ఏం లేదు. పటేల్ రెండూ నాలుగు గాజులు కొన్నడు. నీ ఆడిబిడ్డది రెండూ ఆరు. నీ మరదలుది నీకన్న లావు. మీ సుట్టాలల్ల గంత సన్న చెయ్యి ఎవ్వలది లేదు. నేను ఆటోల కూసోని అందరివి యాది జేసుకున్న."

"మరి ఊర్ల?"

పార్వతీబాయి కళ్లు మూసుకుని ఊరంతా ఒకసారి తిరిగొచ్చింది. "ఒక్కటే ఉన్నది. కిరాయి అర్రల ఉంటది సూడు, సూదులేసే ప్రేమలత. గామెది."

ఇద్దరూ ప్రేమలత దగ్గరికి పోయారు. వెనక పదిమంది ఆడవాళ్లు పోయారు. పిల్లల టీకాల డబ్బా సర్దుకుంటున్న ప్రేమలత చేతిని పార్వతీబాయి అడగకుండానే పట్టుకుని, గంపలోంచి ఒక గాజు తీసి ఎక్కించింది. చర్రున ఎక్కింది.

"చూసినవా!" అంది పార్వతీబాయి.

"ఏం చూసింది? పండరన్నతోటి నేను మాట్లాడిందే లేదు. పోయిన ఏడు కుక్క కరిస్తె వచ్చిండు. అప్పుడు గూడ కుక్కనే సూపెట్టిండు, నోరు తెరువలే!" ప్రేమలతకు ఏడుపొక్కటే తక్కువ. "ఇగ నేనీ ఊర్ల ఉండ. రేపే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంట."

పోసవ్వ, మొగుడు పొద్దంతా ఉండేది అక్కడే కాబట్టి, నేరుగా మోటారు కొట్టానికి పోయి, రాయితో పెట్టె తాళం పగలగొట్టింది. గొడుగు, దువ్వెన, అద్దం, రుమాలు. అన్నిటి కింద నోటుబుక్కు. ఏడో తరగతి దాకా జుక్కల్‌లో చదివిన మనిషి. మొదటి పేజీలో భర్త చేతిరాత గుర్తుపట్టింది. "సుజన గారికి నమస్కారం" దాకా చదివి మూసేసింది. ఊళ్లోకి వచ్చి తమ్ముడు హన్మాండ్లుకు ఫోను చేయించి, చీరలు సర్దుకుంది.

పండరి యూరియా బస్తాతో వాకిట్లోకి వచ్చేసరికి కులపెద్ద లింబాద్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ జనం. నీలం గొడుగు మధ్యలో తెరిచి పెట్టి ఉంది.

"బావా, ఐదు గంటల బస్సుకు అక్కను తోల్కపోతున్న," అన్నాడు అప్పుడే బస్సు దిగి వచ్చిన హన్మాండ్లు. "ఆమె ఎవ్వలో ఇగనన్న జెప్పు."

"ఎవ్వలు?"

"సుజన!"

పండరి చెవులు ఎర్రబడ్డాయి. "గామె లేదు," అన్నాడు.

"ఏడికి పోయింది?" అన్నాడు లింబాద్రి.

"పోలే. అసలు లేదు. పుస్తకంల ఉన్నది."

"పుస్తకమేది?"

"లైబ్రరీల ఇచ్చిన."

జనం నవ్వారు. పోసవ్వ నవ్వలేదు. ఊడ్చిన వాకిట్లో సంచి పెట్టుకుని అటు తిరిగి కూర్చుంది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె అలా అటు తిరిగి కూర్చోవడం పండరి ఎప్పుడూ చూడలేదు. ఆమె పోతుందన్న సంగతి అప్పుడు తలకెక్కింది. అన్నం మాట మరిచి మళ్లీ సైకిలెక్కాడు. లైబ్రరీ సాయంత్రం నాలుగింటికి గానీ తెరవరు. లైబ్రేరియన్ భానుప్రసాద్ సార్ ఇల్లు వెతికి, పడుకున్న మనిషిని లేపి, తాళం తీయించి, పుస్తకంతో సహా ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని తొక్కాడు. సార్ బరువైన మనిషి. దారంతా ఎత్తు.

"పండరీ, ఏమైందో జెప్పరాదు?"

పండరి చెప్పలేదు. ఆయన ముప్పై మాటలూ అప్పటికే అయిపోయాయి.

సార్ వాకిట్లో నిలబడి మొదటి ఉత్తరం పైకి చదివాడు. సాక్ష్యానికి ఒక్కటి చాలు. కానీ లింబాద్రి, "పాలు పొంగినంక ఏమైంది?" అన్నాడు. రెండోది చదివాడు. మూడో ఉత్తరానికి ఆడవాళ్లు దగ్గరికి జరిగారు. ఆరో ఉత్తరంలో గొడుగు కారగానే అందరూ నీలం గొడుగు వైపు చూసి తలలాడించారు. ప్రేమలత కన్నీళ్లు తుడుచుకుంది, ఈసారి సుజన కోసం. "గా మొగనికి చేతులిరిగినయా, ఒక్క ముక్క రాయనీకి?" అని హన్మాండ్లు గట్టిగా అడిగాడు. ఐదు గంటల బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. ఎవరూ లేవలేదు. పోసవ్వ కూడా లేవలేదు.

గండం గడిచిందనుకుని పండరి గోడకు ఆనుకున్నాడు.

"సుజన లేదని తేలింది," అన్నాడు లింబాద్రి. "పండరి తప్పు లేదు. గాజులు గీ సూదుల పిల్లకు సరిపోయినయి, గామెకే ఇయ్యుండ్రి."

"తప్పు లేదా?" పోసవ్వ లేచింది. "గామె ఉంటే జుట్టు వట్టుకోని అడుగుదు. లేనిదాన్ని ఏం జెయ్యాలె నేను? సారూ, గా నోటుబుక్కు గూడ సదువుండ్రి."

"వద్దు సార్," అన్నాడు పండరి. ఆ వాకిట్లో ఆయన తనంతట తాను అన్న మొదటి మాట అదే. ఎవరూ వినలేదు.

సార్ చదివాడు. "సుజన గారికి నమస్కారం. నారు మంచిగ మొలిచింది. కరెంటు రాత్రి ఇస్తుండ్రు. రెండు నెలల సంది ఎడమ మోకాలు నొస్తున్నది, ఇంట్ల చెప్పలేదు. మీరు వాన గురించి రాసింది చదివినంక నాకు గూడ వాన మంచిగ అనిపించింది. మా ఆమెకు చెప్తే వడ్లు తడుస్తయంటది, అందుకని చెప్పలేదు."

పోసవ్వ సార్ చేతిలోంచి నోటుబుక్కు తీసుకుంది.

"మోకాలు నొస్తదని లేని మనిషికి జెప్పినవ్," అంది పోసవ్వ. "పక్కల ఉన్న నాకు జెప్పలే. వాన సంగతి నేనేమంటనో నువ్వే అనుకుంటివి. అడిగి సూసినవా?"

పండరి పోయి నీలం గొడుగు మూసి ఆమె ముందు పెట్టాడు. ఆమె సంచి విప్పలేదు.

మర్నాడు పొద్దున ఏడు గంటల బస్సుకు పోసవ్వ పుట్టింటికి, జుక్కల్‌కు పోయింది. ఏడవలేదు, తిట్టలేదు. మోకాలికి రాసుకొమ్మని ఆముదం సీసా గడప మీద పెట్టింది. ముందు రోజే భానుప్రసాద్ సార్ దగ్గర తన పేరు మీద రాయించుకున్న పుస్తకం పట్టుకుని, నీలం గొడుగు వేసుకుని మరీ పోయింది. వాన లేదు. పండరి చదవని చివరి నలభై పేజీలు కూడా ఆమెతోనే పోయాయి.

నాలుగో రోజు జుక్కల్ నుంచి ఇన్లాండ్ కవరు వచ్చింది. పండరి పేరు మీద ఉత్తరం రావడం అదే మొదటిసారి. పోస్ట్‌మ్యాన్ వాకిట్లోనే నిలబడిపోయాడు, చదివి వినిపించమని. పండరి చదివింది తనలోనే.

"నాట్లు ముందటున్నయని నాకెరుక. పుస్తకం అయిపోయింది. ఆఖర్ల ఏమైందో చెప్ప. గామెకు పదకొండు రాసినవ్, నాకు పన్నెండు రాయి. ఒక్కదాంట్ల గూడ యూరియా, కరెంటు ఉండొద్దు. పన్నెండోది అందినంక బస్సెక్కుత."

పండరి ఆ పూటే బాన్సువాడ పోయి పన్నెండు కవర్లు తెచ్చాడు. మోటారు కొట్టంలో కూర్చుని మొదటి ఉత్తరంలో మోకాలు గురించి, వాన గురించి రాశాడు.

రెండో ఉత్తరానికే ఆయన దగ్గర సంగతులన్నీ అయిపోయాయి.