మూడో గేరు దాటని కారు

ఆ శనివారం పొద్దున యలమంద వేసుకున్న ప్లాను చాలా సాదాసీదాది. టిఫిను తినాలి, కారు అమ్మాలి, మధ్యాహ్నానికి తోటలో కాయకోత చూసుకోవాలి. యలమంద ప్లాను వేశాడంటే తిరుగుండదని నూజివీడులో పేరు. ఆ పేరు తెచ్చింది, ఊరంతా చెప్పుకు తిరిగింది కూడా ఆయనే.

కారు ఆటోమేటిక్ గేర్లది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఎక్కువగా నడిపేది ఆయన భార్య పుష్పవతి. మోకాలి నొప్పితో క్లచ్ తొక్కలేని ఆవిడకు ఈ బండి వరంలా దొరికింది. వారానికి రెండుసార్లు తను చేసిన మామిడి తాండ్ర డిక్కీలో వేసుకుని, మైలవరం దుకాణాలకు తనే ఇచ్చి వస్తోంది. ఈ కారు పోతే మళ్ళీ మొగుడి బైకు వెనక, ఆయనకు తీరికైనప్పుడు, దారి పొడుగునా ఆయన సలహాలు వింటూ వెళ్ళాలి. ఆ ఊహకే ఆవిడకు ముద్ద దిగడం లేదు.

కారుకు పట్టుకున్న జబ్బు విచిత్రమైనది. పుష్పవతి మైలవరం బయల్దేరిన రోజునే, ఊరు దాటగానే గేరు లైటు టపటపా కొట్టుకునేది. బండి మూడో గేరులో ఇరుక్కుని, ఎంత తొక్కినా ముక్కుతూ మూలుగుతూ నడిచేది. ఎండలో గంటసేపు ఆపితే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పరిగెత్తేది. హనుమాన్ జంక్షన్‌లో ఆరోగ్యం అనే మెకానిక్ స్కానరు తగిలిస్తే, గేరుబాక్సుకు సిగ్నలు ఎప్పుడో తెగిందని చూపించేది. ఎక్కడ తెగిందా అని వెతికితే అన్నీ అతుక్కునే ఉండేవి.

ఆరోగ్యం బ్యాటరీ మార్చాడు. ఎర్తు వైరు మార్చాడు. గేరు సెన్సారు మార్చాడు. చివరికి మార్చడానికి డ్రైవరు తప్ప ఏమీ మిగల్లేదు.

"బండిలో ఏం లేదండీ. నడిపే చెయ్యి చూసుకోండి" అని తేల్చేశాడు.

యలమందకు కావలసిందీ అదే. "నేను తోటకి తీసుకెళ్తే ఒక్కసారైనా మొరాయించిందా పుష్పా? కొందరి చేతికి మిషన్లు అచ్చిరావు. నీ తప్పని కాదులే" అన్నాడు ఎంతో ఉదారంగా. ఆ ఉదారత పుష్పవతికి ఒంటికి కారం రాసినట్టుండేది.

మైలవరం వ్యాపారి కృష్ణకాంత్ కారు చూసుకోవడానికి వచ్చేసరికి, యలమంద బానెట్ ఎత్తి ఇంజను కడుగుతున్నాడు. మామిడి చెట్లకు మందు కొట్టే స్ప్రేయరులో మంచినీళ్ళు నింపి, ప్రతి సందులోకీ జివ్వుమని కొడుతున్నాడు. ట్రాక్టరును ముప్పై ఏళ్ళుగా అలాగే కడిగిన మనిషి. కారు పెళ్ళికొడుకులా తయారైంది.

"మగవాడి చేతిలో ఎలా పోతుందో చూద్దురుగాని" అంటూ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్కన కృష్ణకాంత్. ఆఖరిసారి ఎక్కుతానంటూ వెనక పుష్పవతి, ఆవిడ పక్కన తాండ్ర డబ్బాలు.

మైలవరం రోడ్డెక్కారో లేదో గేరు లైటు టపటపలాడింది. బండి మూడో గేరులో బిగుసుకుంది. యలమంద మొహం మాత్రం చెక్కుచెదరలేదు.

"కొంచెం లాగండి యలమందగారూ" అన్నాడు కృష్ణకాంత్.

"లాగడానికేముందండీ! మంచి బండిని నెమ్మదిగా నడిపితేనే దాని దర్జా తెలిసేది."

రోడ్డు ఇరుకు. వెనక ఓ మామిడికాయల లారీ చేరింది, దాని వెనక ఇంకోటి, ఆ వెనక రెండు ట్రాక్టర్లు. అందరూ హారన్లు మోగిస్తున్నారు.

"ఏంటండీ ఆ గోల?"

"అందరూ మనవాళ్ళే. పలకరిస్తున్నారు" అని కిటికీలోంచి చెయ్యి ఊపాడు యలమంద.

దారిలో ఓ ఊరి మలుపు దగ్గర రైతులు పూలదండతో నిలబడి ఉన్నారు. తోటలు చూడటానికి ఉద్యానశాఖ అధికారి వస్తాడని వాళ్ళు పొద్దుట్నుంచీ కాచుకుని ఉన్నారు. మెరిసే కారు, నింపాదైన నడక, వెనక బారుగా బళ్ళు. అధికారి కాక ఇంకెవరవుతారు? అడ్డంపడి ఆపి, కృష్ణకాంత్‌ను దింపి మెళ్ళో దండేశారు.

"కాయంతా రాలిపోతోందండీ. మీరే దారి చూపించాలి."

"చూద్దాం, చూద్దాం" అన్నాడు కృష్ణకాంత్. పుట్టి బుద్ధెరిగాక ఆయనకు ఇంత మర్యాద జరగలేదు. దండ సర్దుకుని యలమంద వైపు తిరిగాడు. "ఈ బండి నాకే ఖాయం. మాట మార్చకండి!"

ఇంజను ఆపి, చెమట తుడుచుకుంటూ దిగాడు యలమంద. గండం గడిచిందనుకున్నాడు. పుష్పవతి దిగి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, ఇవాళ నడిపింది నేను కాదు కదా?"

"కాదు."

"మరి నా చెయ్యి ఎప్పుడు పడింది? మీరు తోటకి వెళ్ళేప్పుడు బండి కడగరు. నేను మైలవరం వెళ్ళే రోజే, దుకాణాల ముందు నేను దర్జాగా దిగాలని కడుగుతారు. ఇవాళ అమ్మాలని కడిగారు. బానెట్ ఎత్తండి."

ఎత్తాడు. గేరుబాక్సుకు పోయే వైర్ల ప్లగ్గు చుట్టూ రబ్బరు సీలు పగిలి ఉంది. ప్లగ్గు ఊడదీస్తే లోపల్నుంచి నీళ్ళు కారాయి. ఎండకు అవి ఆరిపోయాకే కారు ఆరోగ్యం దగ్గరికి చేరేది. అందుకే అక్కడ దానికి ఏ రోగమూ కనిపించలేదు.

యలమంద ఆ ప్లగ్గును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ముద్దుగా కడిగిందీ తనే, ముద్దుగా నింద వేసిందీ తనే. రైతులందరి ముందు సిగ్గుతో తల వాలిపోయింది. "తప్పు నాదే పుష్పా" అన్నాడు.

"రోగం తెలిసిపోయిందిగా, ఇంకా మంచిది! తాళం ఇటివ్వండి" అని కృష్ణకాంత్ చెయ్యి చాపాడు.

యలమంద జేబులోంచి తాళం తీశాడు. ఆ చాచిన చేతిని దాటించి, పుష్పవతి చేతిలో పెట్టాడు.

"ఏమనుకోకండి. ఓనరుగారు అమ్మరట" అన్నాడు.

పుష్పవతి ప్లగ్గును చీర చెంగుతో తుడిచి, ఎండలో కాసేపు ఆరబెట్టి, బిగించింది. కృష్ణకాంత్‌ను దండతో సహా ముందు సీట్లో కూర్చోబెట్టింది. కారు గేర్లన్నీ మార్చుకుంటూ మైలవరం వైపు దూసుకుపోయింది. యలమంద వెనక తాండ్ర డబ్బాల పక్కన ఒదిగి కూర్చుని, దారి పొడుగునా ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఆ రోజు జరిగిన అసలు రిపేరు అదే.