నినాదాలు: నూట పన్నెండు

ఆ సోమవారం పొద్దున లైబ్రేరియనమ్మ పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. మూడో బీరువా కింది అరలో అట్టలు ఊడిన పుస్తకాలు పదిహేడున్నాయి. వాటికి జిగురు పూసి, పైన బరువు పెట్టి, సాయంత్రానికల్లా ఆరేలా చూడాలి. జిగురు డబ్బా మూత తీసిందో లేదో, హెడ్మాస్టరు గారు రమ్మంటున్నారని కబురొచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలోంచి ఆవిడకు వచ్చిన కబుర్లలో ఒక్కటి కూడా పుస్తకాల గురించి కాదు. మూత మళ్లీ పెట్టేసి వెళ్లింది.

హెడ్మాస్టరు గారి చెవి దగ్గర ఒక ఫోను, సొరుగులో మోగుతున్న ఫోను ఇంకొకటి. ఆయన చెవి దగ్గరి ఫోను తీయకుండానే పదకొండు పేజీల సర్క్యులరు ఒకటి ఆవిడ వైపు తోశారు. ఈ నెల నుంచి ప్రతి బడిలోనూ దేశభక్తి విద్య తప్పనిసరి. దానికో ప్రత్యేకమైన గది, ఒక ఇన్‌చార్జి, ఇరవై మంది విద్యార్థులతో ఒక కమిటీ ఉండాలి. నెల నెలా పై ఆఫీసుకు ఫారం నింపి పంపాలి.

"గదికి మీ లైబ్రరీ ఇచ్చేశాను. ఇన్‌చార్జి కూడా మీరే. మీరెలాగూ ఖాళీయే కదా" అన్నారాయన.

ఆ 'ఖాళీయే కదా' అన్న మాట వింటే ఆవిడకు ఒళ్లు మండుతుంది. నాలుగు వేల నూరు పుస్తకాలకు చీడ పట్టకుండా, చినుకు పడకుండా, ఒక్క నంబరు తప్పు పోకుండా కాపలా కాసే మనిషి ఖాళీ ఎలా అయిందో ఆ దేవుడికే తెలియాలి. కానీ పైకి అనలేదు. గది మళ్లీ ఎప్పుడిస్తారని మాత్రం అడిగింది. ఏ గొడవా లేకుండా ఈ సంవత్సరం గడిపేస్తే వచ్చే ఏడు గది మీదేనని ఆయన మాటిచ్చి, సొరుగులో ఫోను అందుకున్నారు. ఆవిడ ఆ ఒక్క మాట పట్టుకుని బయటికొచ్చింది. మధ్యాహ్నానికి పుస్తకాలన్నీ గోనె సంచుల్లోకెక్కి మెట్ల కిందికి చేరాయి. జిగురు డబ్బా కూడా వాటితోనే పోయింది.

దేశభక్తి పుస్తకం ముప్పై రెండు పేజీలు. ప్రతి పాఠం చివర ఒక ప్రశ్న, దాని కింద జవాబు, ఆ కింద డబ్బా కట్టి ఒక హెచ్చరిక: 'ఇంకో విధంగా రాసిన జవాబుకు మార్కులు లేవు.' పిల్లలు దాన్ని చదివి ముందు నవ్వారు. తర్వాత దానికి వంద మార్కుల పరీక్ష ఉందని తెలిసి నవ్వడం మానేశారు. కమిటీలో చేరడానికి బుధవారం గడువు. సోమవారం ఒక్క పేరూ రాలేదు. మంగళవారం ఒకడొచ్చి, చేరితే లెక్కల పీరియడు తప్పుతుందా అని అడిగి, తప్పదని తెలుసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టలేదు.

బుధవారం మొదటి బెల్లు కొట్టకముందే ఇరవై పేర్ల జాబితా వచ్చింది. తెచ్చింది పదో తరగతి అమ్మాయి. ఉపాధ్యాయులందరూ కలిసి ఆ పిల్లకు ప్రశ్నలపుట్ట అని పేరు పెట్టారు. లైబ్రరీకి రోజూ వచ్చే ముగ్గురిలో ఆ పిల్ల ఒకతె. లైబ్రేరియనమ్మ జాబితాను కళ్లకద్దుకున్నంత పని చేసి, బంగారు తల్లివే అంది. ఎందుకు చేరుతున్నారని అడగాలని తోచలేదు. ఆకలి మీదున్న మనిషి అన్నం పెట్టినవాళ్లను కారణం అడుగుతుందా?

అసలు సంగతి ఏమిటంటే, నోటీసు బోర్డుకు గుచ్చిన ఆ సర్క్యులరును రెండో పేజీ దాటి చదివింది ఆ బడిలో ప్రశ్నలపుట్ట ఒక్కతే. విద్యార్థులు ఐదుగురికి మించి ఒకచోట గుమిగూడటం నిషేధమని నాలుగో పేజీలో ఉంది. దేశభక్తి కమిటీకి మాత్రం ఆ నిషేధం వర్తించదని తొమ్మిదో పేజీలో ఉంది. కమిటీ రోజూ సాయంత్రం గంటసేపు కూర్చోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పకూడదు. కాగితాలు, రంగులు, టీ బడే ఇవ్వాలి. పోస్టర్లు వేయాలి, నినాదాలు రాయాలి, సంతకాలు సేకరించాలి, ఊరేగింపు తీయాలి. వాటి మీద ఏం రాయాలో మాత్రం సర్క్యులరు రాసినాయన చెప్పలేదు. చెప్పవలసి వస్తుందని పాపం ఆయన కలలో కూడా అనుకుని ఉండడు.

సాయంత్రం టీ కెటిల్ పట్టుకుని గదిలోకి అడుగుపెట్టిన లైబ్రేరియనమ్మ దాన్ని అక్కడే కింద పెట్టేసింది. ఎదురుగా గోడ నిండా అక్షరాలు. 'బలవంతపు దేశభక్తి మాకొద్దు.' పక్కనే 'జవాబు మీరే రాసుకుంటే పరీక్ష మాకెందుకు?' కిటికీ పక్కన, ఇంకా రంగు ఆరని మూడోది: 'మా లైబ్రరీ మాకివ్వండి.'

"ఏమిటే ఇది? దేశాన్ని ప్రేమించడం తప్పా?" అంది ఆవిడ.

"తప్పని ఎవరన్నారు మేడం? మీరు మీ పుస్తకాల్ని ప్రేమిస్తారు కదా. దానికి మీకెవరైనా పీరియడు పెట్టారా? మార్కులేశారా?" అంది ప్రశ్నలపుట్ట.

అప్పుడే ఆ కాగితాలన్నీ పీకి పారేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఆవిడ పీకేద్దామనే అనుకుంది కూడా. కానీ కళ్లు పదే పదే ఆ మూడో పోస్టరు మీదికే పోయాయి. ఇరవై రెండేళ్లలో ఆ గది కావాలని నోరు తెరిచి అడిగినవాళ్లను చూడటం ఆవిడకు అదే మొదటిసారి. చివరికి ఇరవై గ్లాసుల్లో టీ పోసింది.

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరు గారి దగ్గరికి పరుగెత్తింది. పిల్లలు చేస్తున్నది వ్యతిరేక ఉద్యమమని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆయన ఫోనులోని మనిషికి 'అలాగే సార్' అన్నారు. చివరికి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, మీటింగులు జరుగుతున్నాయా లేదా అని అడిగారు. జరుగుతున్నాయి కానీ, అని ఆవిడ అనేలోపు, జరిగితే చాలు, అంకెలు నింపండి అన్నారు. గోడకు చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వస్తుంది. ఆవిడ తల పట్టుకుని వచ్చేసింది.

ఇరవై మందితో మొదలైన మీటింగులకు నెల తిరిగేసరికి అరవై ఒక్కరు రాసాగారు. నెలాఖరుకు ఫారం వచ్చింది. అన్నీ అంకెల గళ్లే. పుస్తకాల రిజిస్టరులో ఇరవై రెండేళ్లలో ఒక్క నంబరు తప్పు రాయని చెయ్యి ఆవిడది. నిజమే రాసింది. మీటింగులు: పద్నాలుగు. హాజరు: అరవై ఒకటి. పోస్టర్లు: నలభై ఎనిమిది. నినాదాలు: నూట పన్నెండు. సంతకాలు: ఆరు వందల నలభై. ఆటస్థలం చుట్టూ ఊరేగింపు: ఒకటి. తర్వాత మనసొప్పక, అడుగున ఎర్ర సిరాతో ఒక వాక్యం చేర్చింది: 'పైవన్నీ ఈ కార్యక్రమాన్ని వ్యతిరేకిస్తూ జరిగినవి.' హెడ్మాస్టరు గారు భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, దాని కిందే సంతకం పెట్టి స్టాంపు కొట్టారు. పై ఆఫీసులో ఆ ఫారాన్ని కంప్యూటరుకెక్కించారు. కంప్యూటరులో అంకెలకు తప్ప మాటలకు గడి లేదు.

ఆ నెల అన్ని బడుల్లోకీ ఆ బడే మొదటి స్థానంలో నిలిచింది. రెండో స్థానంలో ఉన్న బడికి నినాదాలు నాలుగు. ప్రశంసాపత్రం వచ్చింది, హెడ్మాస్టరు గారు దాన్ని స్టాఫ్ రూములో రెండుసార్లు చదివి వినిపించారు. మంత్రిగారు నిండు సభలో ఆ అంకెలు చదివి బల్ల గుద్దారట. లైబ్రేరియనమ్మకు మాత్రం మింగలేక కక్కలేక ప్రాణం మీదికొచ్చింది. రెండో ఫారంలో ఎర్ర సిరా వాక్యాన్ని కాస్త పెద్ద అక్షరాలతో రాసింది. అది కూడా సంతకమై, స్టాంపు పడి వెళ్లిపోయింది.

తర్వాత తనిఖీ అధికారి స్వయంగా వచ్చారు. గుమ్మంలో నవ్వుతూ నిలబడి, మొదటి పోస్టరు చదివి నవ్వాపేశారు. నాలుగోది చదివేసరికి ఆయనకు ముచ్చెమటలు పట్టాయి.

"మొదటి నుంచీ ఇంతేనా?" అన్నారు చిన్న గొంతుతో.

"ఫారంలో రాశానండి. రెండుసార్లు. ఎర్ర సిరాతో" అంది ఆవిడ.

ఈ బడిని ఆదర్శమని పైకి రాసింది ఆయనే. ఇప్పుడు కాదంటే ముందు పోయేది ఆయన కుర్చీ. ఆయన కూర్చుని, పిల్లలిచ్చిన టీ తాగి, తనిఖీ పుస్తకంలో 'కార్యక్రమాలు మిక్కిలి ఉత్సాహంగా సాగుచున్నవి' అని రాసి సంతకం పెట్టారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. వారం తిరిగేసరికి, అన్ని బడులూ ఈ ఆదర్శ పాఠశాల అంకెలను అందుకోవాలని, నెలాఖరు శుక్రవారం అందరూ ఊరేగింపు తీయాలని, ఇన్‌చార్జిలు ముందు నడవాలని పై నుంచి ఇంకో సర్క్యులరు దిగింది.

ఊళ్లో మిగతా ముప్పై ఏడు బడుల ఇన్‌చార్జిలూ ఆవిడలాంటి అభాగ్యులే. నూట పన్నెండు నినాదాలు ఎక్కణ్ణుంచి తేవాలో తెలియక, దయచేసి మీవి పంపండని ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాల కట్ట ఆవిడ కంటపడేసరికే ప్రశ్నలపుట్ట అందరికీ నకళ్లు రాసి, బడి కవర్లలో పెట్టి, బడి స్టాంపు వేసి పంపేసింది. నాతో చెప్పకుండా పంపుతావా అని ఆవిడ మండిపడింది.

"చెప్పాను మేడం. టీ పోస్తూ ఊఁ అన్నారు" అంది ఆ పిల్ల.

శుక్రవారం ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. ముప్పై ఎనిమిది బడుల పిల్లలు ఒకే నినాదం అందుకున్నారు, బలవంతపు దేశభక్తి మాకొద్దని. ప్రభుత్వ కార్యక్రమం కనుక పోలీసులు దారి చేసి బండ్లన్నీ ఆపారు. ఆగిన వాటిలో సిటీ బస్సు ఒకటుంది. దాని డ్రైవరు లైబ్రేరియనమ్మ భర్త. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, అందరికన్నా ముందు చెప్పులీడ్చుకుంటూ నడుస్తున్న భార్యను కాసేపు నమ్మలేనట్టు చూశాడు.

"ఏమోయ్, బళ్లో పుస్తకాలకు జిగురు పూస్తున్నానన్నావు?"

"అదే పనండీ. ఇంకా ఆరలేదు" అంది ఆవిడ ఏడవలేక నవ్వుతూ, నడక ఆపకుండానే.

సోమవారం హెడ్మాస్టరు గారి గదిలో రెండు ఫోన్లూ నోరు మూసుకుని ఉన్నాయి. అధికారి కిటికీ దగ్గర కూర్చున్నారు. బల్ల మీద టైపు చేసిన కాగితం, దాని మీద లైబ్రరీ తాళంచెవి ఉన్నాయి. ఇరవై మంది విద్యార్థులు తనకు తెలియకుండా, తనను మోసగించి ఇదంతా చేశారని ఇన్‌చార్జి ఒప్పుకుంటున్నట్టు ఆ కాగితం. ఆ ఇరవై మందినీ బడి నుంచి తీసేస్తారు. పదో తరగతి పరీక్షలకు రెండు నెలలుంది.

"సంతకం పెట్టండమ్మా. రేపే మీ గది మీకు. పుస్తకాలు నేనే పైకి మోయిస్తాను" అన్నారు హెడ్మాస్టరు గారు. ఇన్నేళ్లలో ఆయన పుస్తకాల మాట ఎత్తడం ఆవిడ అప్పుడే విన్నది.

ఆవిడకు ఆ తాళంచెవి కావాలి. ఎంతగా కావాలంటే చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. మెట్ల కింద సంచుల్లో నాలుగు వేల నూరు పుస్తకాలు, మొన్నటి వానకు రెండు సంచులు తడిశాయి కూడా. గుమ్మం బయట ప్రశ్నలపుట్ట భుజాన బడిసంచితో నిలబడి ఉంది. మొదటిసారిగా ఆ పిల్ల ఏమీ అడగడం లేదు. లైబ్రేరియనమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక్క నిమిషమని చెప్పి వెళ్లి, ఫైలు పట్టుకొచ్చింది.

అందులో రెండు ఫారాల ఆఫీసు కాపీలున్నాయి. రెండింటిలోనూ ఎర్ర సిరా వాక్యం, కిందే హెడ్మాస్టరు గారి సంతకం, స్టాంపు. వాటి పక్కన అధికారి గారి సంతకంతో తనిఖీ పుస్తకం తెరిచి పెట్టింది.

"నాకు తెలియకుండా ఏదీ జరగలేదండి. నాకు తెలుసు, సారుకు తెలుసు, తమరికీ తెలుసు. పిల్లల్ని పంపేస్తే వాళ్ల వెనకే మనం ముగ్గురం నడవాలి."

హెడ్మాస్టరు గారు ఆ వాక్యాన్ని మొదటిసారి చదివారు. మళ్లీ చదివారు.

"ఇదెప్పుడు రాశారు?"

"మీరు ఫోనులో ఉన్నప్పుడు సార్."

అధికారి గారు టైపు చేసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు. తాళంచెవిని కూడా అదే జేబులో వేసుకున్నారు. ఆ పూట ఆవిడ ఇంటికి వెళ్లి, వంట గదిలో కూర్చుని కరువుతీరా ఏడ్చింది.

పది రోజుల తర్వాత ప్రభుత్వం దిగొచ్చింది. విద్యార్థుల అభిప్రాయాన్ని గౌరవించి, అని మొదలుపెట్టి, అదంతా మొదటి నుంచీ తన ఆలోచనే అయినట్టు దేశభక్తి పరీక్షను ఎత్తేసింది. గదులు తిరిగిచ్చేయమంది. తాళంచెవి ఒక కవరులో వచ్చింది, లోపల ఉత్తరం ముక్క కూడా లేదు. సంచులు పైకి మోసింది పిల్లలే. అట్టలు ఊడినవి ఇప్పుడు పదిహేడు కాదు, నూట నలభై. ఆవిడ వాటిని చూసి నెత్తీ నోరూ కొట్టుకుంది. సాయంత్రాలు కమిటీకి అలవాటుపడిన అరవై ఒక్క మందీ నాలుగున్నరకల్లా వచ్చేస్తున్నారు. సగం మంది జిగురు పూస్తే సగం మంది చదువుతున్నారు. కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూడా కూర్చుంటున్నారు. 'నిశ్శబ్దం' అన్న బోర్డు ఆ గోడకు ఇరవై రెండేళ్లుగా ఊరికే వేలాడుతోంది, దాని వైపు చెయ్యి చూపించవలసిన అవసరం ఆవిడకు ఇప్పుడు రోజుకు పదిసార్లు వస్తోంది. విసుక్కుంటూనే చూపిస్తుంది.

కార్యక్రమం రద్దయిందని పై ఆఫీసు కంప్యూటరుకు ఎవరూ చెప్పలేదు. నెలాఖరుకు ఫారం మామూలుగానే వచ్చింది, ఆవిడ మామూలుగానే నింపింది. హాజరు: అరవై ఒకటి. పోస్టర్లు: సున్నా. నినాదాలు: సున్నా. మూడు వారాలకు అత్యవసరం అని ముద్ర వేసిన మెమో దిగింది. ఒకప్పుడు మొదటి స్థానంలో నిలిచిన మీ పాఠశాలలో నినాదాల సంఖ్య నూట పన్నెండు నుంచి సున్నాకు పడిపోవడం మిక్కిలి ఆందోళనకరమని, ఇందుకు కారణం మూడు రోజుల్లోగా తెలుపవలెనని అందులో ఉంది. ఈసారి దయతలచి మాటలకు కూడా ఒక గడి ఇచ్చారు.

లైబ్రేరియనమ్మ ఎర్ర సిరా తీసి ఆ గడిలో రాసింది: 'పిల్లలు చదువుకుంటున్నారు.'