ఇన్‌స్పెక్ట్రెస్ గారి తడిక

ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పడం వెంటనే మానుకోవాలని నా నిశ్చితాభిప్రాయం. ఏడాది పొడుగునా వారోత్సవాలే జరపాలి! నవ్వకండి. దసరా సెలవులు అయి బడి తెరవగానే మా పేటలోని ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలలో బాలికా వికాస వారోత్సవం జరిగింది. ఎదురింటి అరుగు మీద కూర్చొని దాన్ని ఆసాంతం చూసినవాణ్ణి నేను.

కర్నూలు రాజధాని అయినప్పటినుంచి మాకు దేనికీ కొదవ లేదు. ఆఫీసులు పెట్టిన గుడారాలున్నాయి, జీపులున్నాయి, ఆ జీపులు లేపే దుమ్ముంది. ఇన్ని ఉన్న ఊళ్లో పిల్లలు ఇంకా ఎక్కాలు వల్లె వేస్తూ కూర్చుంటే ఎంత నామోషీ! అందుకే పైనుంచి ఆర్డరు వచ్చింది. వారం చివర ఇన్‌స్పెక్ట్రెస్ గారు స్వయంగా వేంచేస్తారట. అంతదాకా రోజుకొక కార్యక్రమం ఉండాలట.

మొదట పరిశుభ్రత. పిల్లలు పలకలు పక్కన పెట్టి చీపుళ్లు పట్టారు. ఊడ్చే విద్య ఇంట్లో తల్లులు నేర్పలేదా? నేర్పారు. కాని ఇంట్లో ఊడిస్తే అది పని, బడిలో ఊడిస్తే వికాసం. ఈ తేడా తెలియనివాళ్లతో నాకు వాదన అనవసరం.

ఆ తర్వాత మొక్క నాటారు. ఎక్కడంటారా? నిరుడు నాటిన గుంతలోనే! అంతకు ముందేడు నాటిందీ అందులోనే. కొత్త గుంత తవ్వే శ్రమ పెట్టకుండా ఏటా పాత మొక్క వేళకు ఎండిపోయి చోటిస్తోంది. ఇంత క్రమశిక్షణ గల మొక్కలు ఇంకే బడిలోనైనా ఉంటే నాకు చూపించండి.

కుట్టుపని ప్రదర్శనలో రెండో తరగతి పిల్ల పేరుతో ఒక దిండు గలీబు పెట్టారు. దాని మీద నెమలి. ఆ నెమలిని నేను చిన్న పంతులమ్మ గారి పెళ్లిలోనే చూశాను. పాపం, రంగు ఇంకా పోలేదు.

కుర్చీలాట మరీ ముచ్చట. బడికి ఉన్నది ఒకే కుర్చీ. దాన్ని ఇన్‌స్పెక్ట్రెస్ గారి కోసం కడిగి ఎండబెట్టారు. అందుచేత పిల్లలు కుర్చీలు ఉన్నాయనుకొని ఆడారు. ఊహాశక్తి పెరగడానికి ఇంతకన్నా ఏం కావాలి! ఓడిన పిల్ల కూడా తాను గెలిచాననుకొని ఇంటికి పోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా బడికి మరుగుదొడ్డి లేదు. ఒకప్పుడు బడి వెనక దట్టంగా కంపచెట్లు ఉండేవి, పిల్లలు వాటి చాటుకు పోయేవాళ్లు. గుడారాలు వేయడానికి అడ్డమని వాటిని నరికేశారు. దగ్గరి పిల్లలు ఇంటికి పరిగెత్తుతారు. దూరపు పిల్లలు సాయంత్రం గంట కొట్టేదాకా గుక్కెడు నీళ్లు తాగకుండా బిగబట్టుకొని కూర్చుంటారు. కొందరు దీన్ని లోపం అంటారు. నేను నిగ్రహం అంటాను. మునులు అడవులకు పోయి సాధించినది మా పిల్లలు ఒకటో తరగతిలోనే సాధిస్తున్నారు!

సాధించలేకపోయింది సుంకమ్మ. ఐదో తరగతి పిల్ల, హంద్రి నది అవతలినుంచి నడిచి వచ్చేది. తండ్రి మారెన్న గుడారాలకు గుంజలు పాతే కూలి. ఏ గుడారం ఏ ఆఫీసో, బోర్డులు చదివి తండ్రికి చెప్పేది ఈ పిల్లే. పిల్ల ఎదుగుతోంది, చాటు లేని చోటికి పంపనని దసరాకు ముందే మాన్పించాడు. హెడ్మిస్ట్రెస్ గ్రేసమ్మ గారు ఇంటికి పోయి బతిమాలినా వినలేదు.

అయితే ఇన్‌స్పెక్ట్రెస్ గారు వస్తున్నారనేసరికి పై ఆఫీసుకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. అంత పెద్ద మనిషికి మధ్యలో అవసరం పడితే? వెంటనే ఒక గుమాస్తా తడికలు మోయించుకొని దిగాడు. బడి వెనక నాలుగువైపులా తడికలు కట్టించాడు, లోపల బండలు పరిపించాడు, గుమ్మానికి గోనెపట్టా వేలాడదీయించాడు. కట్టడానికి వచ్చిన కూలి ఎవరనుకున్నారు? మారెన్నే! కట్టడం అయ్యాక చుట్టూ తిరిగి, సందుల్లోంచి ఏమైనా కనబడుతుందేమోనని వంగి వంగి చూశాడు. ఆ తర్వాత గ్రేసమ్మ గారి దగ్గరికి వచ్చాడు.

"చాటు శానా బాగుండాదమ్మా. రేపట్నించి పాపను పంపిస్తా."

మర్నాడు సుంకమ్మ పలక పట్టుకొని వచ్చింది. ఇన్‌స్పెక్ట్రెస్ దొరసాని వచ్చేదాకా అందరూ వాడుకోండని గ్రేసమ్మ గారు పిల్లలతో నెమ్మదిగా అన్నారు. ఆ వారం బడి నీళ్లకుండ మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది. బడి పెట్టాక అట్లా జరగడం ఇదే మొదలని ఆయా చెప్పింది. అన్నాళ్లూ ఆ పిల్లలు దప్పికతోనే పాటలు పాడారన్నమాట.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చారు. పాట విన్నారు, మొక్కకు నీళ్లు పోశారు, ఆడపిల్ల చదువే దేశానికి వెలుగని సెలవిచ్చారు, నెమలిని మెచ్చుకున్నారు, జీపు ఎక్కారు. తడికల వైపు కన్నెత్తి చూడలేదు. ఆమె బస నాలుగు అడుగుల దూరంలోనే ఉంది మరి!

మర్నాడు పొద్దున్నే గుమాస్తా మళ్లీ దిగాడు. తడికలు ఇంకో బడికి పోవాలట, అక్కడ వారోత్సవం మొదలవుతోందట. కొన్నాళ్లు ఉంచమని గ్రేసమ్మ గారు చేతులు పట్టుకున్నంత పని చేశారు. వారోత్సవం అయిపోయింది కదమ్మా అన్నాడాయన, ఆమెకు తెలియనట్టు. విప్పడానికి వచ్చింది మళ్లీ మారెన్నే.

"కట్టమంటే కట్టినా, ఇప్పమంటే ఇప్పుతాండా. నేనేం చేసేదమ్మా?" అన్నాడు గ్రేసమ్మ గారి మొహం చూడకుండా.

తడికలు బండికి ఎత్తి, తరగతి గుమ్మం దగ్గర నిలబడి కూతుర్ని పిలిచాడు. సుంకమ్మ లెక్క సగంలో ఆపి, పలక చంకన పెట్టుకొని తండ్రి వెనకే పోయింది. ఆ సాయంత్రం గంట కొట్టేసరికి నీళ్లకుండ పొద్దున నింపినది నింపినట్టే ఉంది.

కాబట్టి ఏలినవారికి నా మనవి. మా బడిలో ఏడాది పొడుగునా వారోత్సవం జరిపించండి. ఇన్‌స్పెక్ట్రెస్ గారు మళ్లీ రానక్కరలేదు, ఆమెకెందుకు ఆ శ్రమ? రేపు వస్తారని రోజూ ఒక కబురు పంపండి, చాలు.