గేటు దాటిన గొడుగులు

పదింటికల్లా సరిహద్దు గేటు దాటి, నాలుగు వందల గొడుగులు అవతలి ఊరి కొట్టులో దింపి, పొద్దు వాలేలోగా ఇల్లు చేరాలన్నది గొడుగులమ్మ ఆలోచన. ఆకాశం మొహం మాడ్చుకుని ఉంది. గొడుగులు చేసేవాళ్ళకి మబ్బు మంచిదే కదా అనుకుని, మరిదితో పాటు వ్యాను ఎక్కింది.

భర్త పోయాక ఆ గొడుగుల షెడ్డే ఆమెకు దిక్కు. ఇరుగుపొరుగు దేశాలన్నీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకున్నప్పుడు ఒక అధికారి వచ్చి మీటింగు పెట్టి, "ఇందులో సవాళ్ళూ ఉన్నాయి, అవకాశాలూ ఉన్నాయి" అని చెప్పి వెళ్ళాడు. సవాళ్ళు మర్నాడే లారీల్లో దిగాయి. పన్ను లేకుండా వచ్చిన పొరుగు గొడుగులు చూసి, వీధి చివరి కొట్టతను ఆమె సరుకు మానేశాడు. అవకాశం రావడానికి మాత్రం ఏడాది పట్టింది. అదే అవతలి ఊరి నుంచి వచ్చిన ఈ నాలుగు వందల గొడుగుల బేరం. ఇవి చేరకపోతే అద్దె కట్టలేక ఒకటో తారీఖున షెడ్డు ఖాళీ చెయ్యాలి.

గేటు దగ్గరికి చేరేసరికి వాన మొదలైంది. అవతలి అధికారి పెట్టె విప్పించి ఒక గొడుగు తీశాడు.

"సర్టిఫికెట్లో మీ దేశంలోనే తయారైందని ఉంది. పిడి మీద చీటీలో 'విదేశీ సరుకు' అని ఉంది. ఏది నిజం?"

గొడుగులమ్మ మరిది వైపు చూసింది.

"అలవాటు, వదినా" అని నసిగాడు మరిది. "విదేశీ అంటేనే జనం కొంటారని మన వీధి కొట్టతను అంటించమంటే పదేళ్ళు అంటించా. చెయ్యి ఆగలేదు."

"నోరు మాత్రం ఆగిందా? 'అన్నీ నేను చూసుకుంటా వదినా' అన్నావు. ఇదేనా నీ చూడటం?"

"ఎంతసేపు, పీకేస్తే సరి!"

ఇద్దరూ వానలోనే కూర్చుని పీకారు. ఒక్క గొడుగు విప్పినా వాడిన సరుకంటారేమోనని భయం. నాలుగు వందల గొడుగులు పక్కన పెట్టుకుని తడిసి ముద్దయ్యారు. అధికారి తన గొడుగు కింద నిలబడి ఓపిగ్గా చూశాడు.

ఆఖరి చీటీ ఊడాక అతను పిడి మీది జిగురు మచ్చ గోకాడు. "ఇక్కడేదో చీటీ ఉండేది."

"మీ ముందేగా పీకాం బాబూ!"

"అదే చెప్తున్నా. నా ముందే గుర్తులు చెరిపేశారు. ఇవి ఎక్కడివో ఇక దేవుడికే తెలియాలి. బండి తిప్పండి."

తిరిగొస్తుంటే ఇవతలి గేటు గుమాస్తా ఆపాడు. "అవతలి నుంచి వచ్చిన సరుకు. ఎక్కడిదో గుర్తు లేదు. పన్ను కట్టాలి."

"నాయనా, పొద్దున నీ కళ్ళ ముందే కదా వెళ్ళాం!"

"వెళ్ళడం చూశానమ్మా. పుట్టడం చూడలేదుగా."

పన్ను కట్టేదాకా సరుకు గిడ్డంగిలో ఉంటుందన్నాడు. 'విదేశీ గొడుగులు, నాలుగు వందలు' అని రాసి, ముద్ర కొట్టి, రశీదు చేతిలో పెట్టాడు. ఇద్దరూ ఊరు చేరి ఖాళీ వ్యాను దిగారు.

వీధి మలుపులో కొట్టతను ఎదురయ్యాడు. ఆమె చేతిలోని కాగితం తీసుకుని చదివాడు. మొహం వెలిగిపోయింది.

"చేయడం మానేసి తెప్పించడం మొదలుపెట్టావా అక్కా? ఇన్నాళ్ళకు తెలివైన పని చేశావ్!"

మరిది నోరు తెరవబోయాడు. వదిన కాలు తొక్కింది.

మర్నాడు కొట్టతను పన్ను కట్టి సరుకంతా తీసుకున్నాడు. ఒక గొడుగు విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. "కుట్టు చూశావా, ఎంత సన్నమో! వచ్చే నెలా వీళ్ళ దగ్గరే తెప్పించు. మనవాళ్ళకి ఈ పనితనం ఎప్పటికొస్తుంది?"

సూది పోట్లు పడిన వేళ్ళను గొడుగులమ్మ పిడికిలిలో దాచుకుంది. "మనకెక్కడొస్తుందిలే తమ్ముడూ" అంది.

ఆ సాయంత్రం షెడ్డు మీద భర్త స్వయంగా రాసిన 'ఇక్కడ గొడుగులు తయారు చేయబడును' అన్న బోర్డును మరిది చేత దింపించి, గోడకు తిప్పి ఆనించింది.

షెడ్డు నిలిచింది. నెలనెలా ఆమె గొడుగులు పొద్దున్నే గేటు దాటి, పరాయివై, సాయంత్రానికి ఇల్లు చేరుతున్నాయి.