పిల్లి దిగేదాకా

గురువారం పొద్దున్నే షౌకీ కొత్త కోటు వేసుకుని అలెగ్జాండ్రియాలోని బిస్కెట్ల ఫ్యాక్టరీకి వచ్చాడు. అక్కడ అతను లెక్కల గుమస్తా. మధ్యాహ్నానికల్లా మెల్లగా జారుకోవాలని అతని ఆలోచన. ఇవాళ ఇంటికి పెళ్ళికొడుకు వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ పెద్దలతో కలిసి పిల్ల తండ్రి ఖురాన్ తొలి అధ్యాయం ఫాతిహా చదివితేనే కూతురు నుహా పెళ్ళి ఖాయమైనట్టు.

సరిగ్గా ఇవాళే మేనేజరు రిఫ్‌అత్ బే కుర్చీలో వీధిపిల్లి ఈనింది. బాలింత పిల్లిని తరిమి పాపం మూటగట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. రిఫ్‌అత్ బే గడ్డం గోక్కుని, దాన్ని నొప్పించకుండా దింపడానికి విభాగానికొకరు చొప్పున తాత్కాలిక బృందం వేశాడు. పిల్లి తనంతట తాను దిగేదాకా బృందంలో ఎవరూ ఇంటికి కదలకూడదు.

"లెక్కల తరఫున ఎవరయ్యా?"

"షౌకీని వేయండి, బే గారూ. కోటు కూడా వేసుకొచ్చాడు!" అన్నారెవరో.

ప్యాకింగ్ అబ్బాస్ అట్టపెట్టె తెచ్చాడు. "ఎలాంటి సరుకైనా ఇందులో ఇమడాల్సిందే." పిల్లి ఇమడలేదు.

"ఊరికే రమ్మంటే ఎవరొస్తారు? ఆశ చూపాలి," అంటూ అమ్మకాల మేడం ఇన్సాఫ్ వేయించిన చేప తెప్పించి గుమ్మంలో పెట్టింది. కుర్చీలోని పిల్లి కదల్లేదు. వీధిలోని పిల్లులన్నీ లోపలికొచ్చాయి.

రవాణా సాబిర్ కింద వ్యాను ఇంజను ఆపకుండా ఉంచాడు. "తర్వాత నా వల్ల ఆలస్యమైందనకండి."

షౌకీ భార్య సమీహా ఫోన్ చేసింది. "నుహా వాళ్ళ నాన్నా, ఎక్కడున్నారు? వాళ్ళొచ్చేశారు!"

"మీటింగులో. పిల్లి దిగడం లేదు."

"అబద్ధమైనా కాస్త నమ్మేట్టు చెప్పండి!"

షౌకీ కోటు విప్పి నేలకేసి కొట్టి, తల పట్టుకుని కూలబడ్డాడు. పిల్లి దిగి వచ్చి కోటు వాసన చూసింది. ఒక్కో కూననూ నోట కరుచుకొచ్చి అందులో పడుకోబెట్టింది.

"దిగింది! ఇక నా కోటు.."

"ముట్టుకోకు, పాపం!" అన్నారు ముగ్గురూ.

"కోటు ఎవరిదో, సరుకు వాళ్ళింటికే," అని తేల్చాడు సాబిర్. నలుగురూ తలో మూలా పట్టుకుని వ్యానెక్కించారు. మేడం చేపతో ఎక్కింది. చేప వెనకాల మిగతా పిల్లులన్నీ ఎక్కాయి.

షౌకీ ఇంటి దగ్గర పెళ్ళికొడుకు మేనమామ అలిగి, గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాడు. మెట్ల మీద కోటు ఊరేగింపు కనిపించింది.

"ఏమిటయ్యా ఇది?"

"బాలింత అండీ," అన్నాడు షౌకీ ఏడుపు గొంతుతో. "ఎక్కడికని పంపను?"

మేనమామ కూనల్ని చూశాడు. తర్వాత బూట్లు విప్పాడు. "పిల్లికే ఇంత మర్యాద చేసే ఇంట్లో మావాడికేం లోటు? పదండి, చదువుదాం."

ఫాతిహా బృందమంతా కలిసి చదివింది.

శనివారానికి రిఫ్‌అత్ బే గదిలో ఎలుకలు తిరుగుతున్నాయి. అదృష్టవశాత్తూ బృందాన్ని ఇంకా రద్దు చేయలేదు.