పడవెక్కి వచ్చిన ఫిడేలు

సంగీతానికి ఎల్లలు లేవన్నవాడు బాపట్లలోని వాయిద్య స్వచ్ఛత తనిఖీ కేంద్రం గడప తొక్కి ఉండడు.

ఆ కేంద్రం ఈ మధ్యే వెలిసింది. దొరల వల్ల మన సంగీతానికంటిన మైల వదలగొట్టడం దాని పని. ఊళ్లో ఏటా జరిగే ఉత్సవంలో వాయించాలంటే అక్కడ ముద్ర పడాల్సిందే. నియమం ఒక్కటే: పడవెక్కి వచ్చిన వాయిద్యం స్టేజీ ఎక్కరాదు. (ప్యాంటూ మైకూ ప్లాస్టిక్ కుర్చీ వాయిద్యాలు కావు గనక వాటికి మినహాయింపు.) పొద్దున్నే వచ్చిన హార్మోనియాన్ని గేటు దగ్గరే గాలి తీసి పంపేశారు.

రేపల్లె హనీఫ్ నాదస్వరం సంచి ఒళ్లో పెట్టుకుని వరసలో కూర్చున్నాడు. ఆ ఉత్సవానికి మంగళవాద్యం వాళ్ల తాత ఊదాడు, నాన్న ఊదాడు. నిరుడు తనే ఊదాడు, ఈ సాయంత్రమూ తనే ఊదాలి. బెంగేం లేదు. ఆయన నాదస్వరం రేపల్లె రైలు తప్ప ఇంకేదీ ఎక్కలేదు.

ముందున్నది తెనాలి కోటేశ్వరమ్మ. అధికారి జయకృష్ణ ఆవిడ ఫిడేలు పొట్టలోకి టార్చి కొట్టాడు.

"జర్మనీ అని కాయితం అంటించుందండి. తిరస్కరించడమైనది."

"నేను వాయించేది భైరవి కదా బాబూ!"

"పుట్టుక ముఖ్యమండి."

హనీఫ్ వెనకనుంచి గొణిగాడు. "అక్కాయ్, ఫిడేలనకు. వాయులీనమను."

"నోర్మూసుకో హనీఫూ. ఇక్కడా నీ వేళాకోళం?"

"అని చూడు. పోయేదేముంది, ఎలాగూ పోయిందిగా."

ఆవిడ అంది. జయకృష్ణ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"వాయువులో లీనమైనది! ముందే చెప్పొద్దాండి? వేదకాలం నాటిదై ఉంటుంది." జర్మనీ కాయితం కనపడకుండా దాని మీదే ముద్ర చీటీ అంటించి, ఫిడేలుకి దణ్ణం పెట్టి ఇచ్చాడు.

హనీఫ్ వంతొచ్చింది.

"కర్ర?"

"ఈ నేల చెట్టుదేనండి."

"పడవ?"

"ఎక్కలేదండి."

"శుద్ధం! పేరు?"

"నాదస్వరమండి."

"మీ పేరు."

"షేక్ హనీఫండి."

ముద్ర గాల్లో ఆగింది. "మీరు ఎక్కణ్ణుంచి వచ్చారు?"

"రేపల్లె నుంచండి."

"అంతకు ముందు?"

"ఇంట్లోంచండి."

జయకృష్ణ నవ్వలేదు. (నవ్వు ఆయన విధుల్లో లేదు.) "వాయిద్యం పాసయింది. మీ సంగతి పైకి రాయాలి. దాన్నిక్కడ పెట్టి మీరు వెళ్లొచ్చు."

"అయ్యా, వాడూదకపోతే అది కర్రే!" అంది కోటేశ్వరమ్మ.

"కర్ర విషయంలో మాకు ఏ అభ్యంతరమూ లేదమ్మా."

సాయంత్రం స్టేజీ మీద పట్టుగుడ్డ పరిచిన కుర్చీలో నాదస్వరం ఒంటరిగా కూర్చుంది. మెళ్లో బంతిపూల దండ. ముహూర్తానికి అందరూ దానివంక చూశారు. అది ఊదలేదు. కమిటీవాళ్లు కంగారుపడి, నిరుటి ఉత్సవం రికార్డింగు ఎవరి ఫోన్లోనో వెతికి స్పీకర్లో పెట్టారు.

జయకృష్ణ కళ్లు మూసుకుని తలూపాడు. "ఆహా! మనిషి ఎంగిలి తగలకపోతే నాదం ఎంత శుద్ధంగా ఉందండీ!"

గేటు బయట టీ బడ్డీ దగ్గర హనీఫ్ గ్లాసు మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. పక్కనే కోటేశ్వరమ్మ, వాయులీనం పెట్టె తెరవకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పాట అయ్యేదాకా విని హనీఫ్ గ్లాసు కింద పెట్టాడు.

"బానే ఊదాడక్కాయ్. ఎవరో మనోడే అయ్యుంటాడు."